ఎవరూ చేయని ఇంజక్షన్

వైద్యవృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, అనుభవాలు రాయమని అడుగుతుంటారు. వాళ్ళు ఆశించేది అరుదైన జబ్బుల గురించి, ఎవరికీ అంతుపట్టని కేసుని నేనెలా పట్టుకున్నానన్న దాని గురించి. అలాంటివి ఒకటో రెండో లేకపోలేదు. అవి రాయను. నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వనిది ఒక మామూలు జబ్బు. వైద్య విద్యార్థి ప్రతివాడూ పరీక్షకు చదివే జబ్బు. దాన్ని ఆపే మందు ఉంది, చవక, ఊరూరా దొరికేది. అయినా ఒక పిల్ల గుండె మా అందరి కళ్ళముందే పాడైంది. దాని గురించి రాస్తాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. తగ్గలేదు.

బల్ల మీద కూర్చుని లేచేంత సేపు

నేను పనిచేసింది అనకాపల్లిలో ఒక ట్రస్టు నడిపిన చిన్న ఆసుపత్రిలో. ఇప్పుడది మూతపడింది కాబట్టి పేరు అనవసరం. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. జనరల్ ఫిజీషియన్‌ని నేనొక్కదాన్నే. పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, మా నాన్న మిషన్ స్కూల్లో మాస్టారుగా చేసేవారు. అందుకని సగం మందికి నేను డాక్టరమ్మను, మిగతా సగానికి మాస్టారి అమ్మాయిని.

పొద్దున్న తలుపు తీసేసరికి వరండా నిండిపోయేది. చెరకు నరికే రోజుల్లో చేతులు కోసుకున్నవాళ్ళు, వానల్లో జ్వరాలు, ఏడాది పొడుగునా దగ్గులు. మార్కెట్‌కి బెల్లం తెచ్చిన రైతు పనిలో పనిగా ఇంట్లో ఎవరినో తీసుకొచ్చి చూపించుకునేవాడు. ఒక్కొక్కరికీ నేనివ్వగలిగింది వాళ్ళు బల్ల మీద కూర్చుని లేచేంత సేపు. ఆ కాస్త సేపట్లో మనిషిని ముట్టుకుని చూస్తారా, చీటీ రాసి పంపేస్తారా అన్నదే ఈ వృత్తిలో మొదటి ప్రశ్న. తక్కిన చదువంతా దాని తరువాతే పనికొస్తుంది.

మోకాలి నొప్పి మోచేతికి

కొండకర్ల పక్క పల్లె నుంచి అప్పలనాయుడనే రైతు తన కూతురు నూకరత్నాన్ని చేతుల మీద మోసుకొచ్చాడు. ఏడో తరగతి చదివే పిల్ల. మోకాళ్ళు వాచి ఉన్నాయి, ముట్టుకుంటే కాలుతున్నాయి. ఒంట్లో జ్వరం. తల్లి వరహాలమ్మ వెనకే వచ్చి నిలబడింది.

"ఎన్నాళ్ళైంది?" అన్నాను.

"మొదట మడమ దగ్గిర వాసింది డాక్టరమ్మా. అది తగ్గిపోనాది. మోకాలికొచ్చింది. నిన్నటికాడ్నుంచీ మోసెయ్యి కూడా నొప్పంటంది," అంది వరహాలమ్మ. "ఊళ్ళో ఇంజీసన్ సేసే ఆయన ఎదిగే పిల్లకి ఇలాటివి వత్తాయిలే అన్నాడు. రెండు సూదులు పొడిసేడు. పొడిసినప్పుడు తగ్గుతాది, మళ్ళీ వత్తాది."

ఒక కీలు వదిలి ఇంకో కీలు పట్టుకునే వాపు అనగానే స్టెతస్కోపు గుండె మీదికి వెళ్ళిపోవాలి. పెట్టాను. రెండు చప్పుళ్ళ మధ్య సన్నగా ఊదుతున్నట్టు మరో చప్పుడు వినిపించింది.

"ఈ మధ్య దీనికి గొంతు నొప్పి వచ్చిందా?"

వరహాలమ్మ భర్త వైపు చూసింది. "వచ్చిందండి," అన్నాడు అప్పలనాయుడు. "మూడు వారాల కిందట. గుటక పడలేదు. మందుల షాపులో సెప్తే సిరప్పిచ్చేడు. నాలుగు రోజులకి అదే పోనాది. గొంతుక్కీ మోకాలికీ ఏటి సమ్మంధం?"

అడగవలసిన ప్రశ్నే. మీ రోగులు అడిగితే ఎలా చెప్పాలో రాస్తాను, ఎందుకంటే చెప్పే ఓపిక మనలో చాలామందికి ఉండదు.

సూక్ష్మజీవి ఒంట్లోకి రాగానే మన రక్తంలోని కణాలు దాన్ని పట్టుకుంటాయి. దాని పైపొర ఎలా ఉందో గుర్తుపడతాయి. ఆ పొరకు సరిగ్గా అతుక్కునే యాంటీబాడీలు కొద్దిరోజుల్లో తయారవుతాయి. మామూలుగా అక్కడితో జబ్బు తగ్గిపోతుంది. కానీ గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా పైపొరలో కొన్ని భాగాలు మన గుండె కవాటాల్లో ఉండే పదార్థాలను పోలి ఉంటాయి. అందరిలో కాదు గాని, కొందరు పిల్లల్లో ఆ యాంటీబాడీలూ కణాలూ ఆ పోలిక వల్ల పొరబడతాయి. గొంతులో శత్రువు పోయాక సొంత గుండె మీద పడతాయి. కీళ్ళను కొన్నాళ్ళు బాధపెట్టి వదిలేస్తాయి. గుండె కవాటం మీద మాత్రం మచ్చ మిగులుస్తాయి. మళ్ళీ అదే గొంతు నొప్పి వస్తే మళ్ళీ అదే దాడి, మచ్చ మీద మచ్చ. దీన్నే రుమాటిక్ ఫీవర్ అంటాం. మళ్ళీ ఆ బాక్టీరియా గొంతులో నిలవకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ చేస్తూ ఉండాలి, ఏళ్ళ తరబడి. అంతే. అంతకంటే గొప్ప వైద్యమేమీ లేదు దీనికి.

అప్పలనాయుడు అంతా విని, "అయితే దీని ఒంట్లో బలం తక్కువై రాలేదన్నమాట," అన్నాడు.

"లేదు. ఉన్న బలమే దారి తప్పింది."

"షాపాయన బలానికని టానిక్ అంటగట్టేడండి," అన్నాడు.

ఆ టానిక్‌ల మీద నాకున్న కోపం వేరే రాయాలి. రోగనిరోధక శక్తి అంటే ఎంత పెరిగితే అంత మంచిదన్నట్టు గోడల మీద రాసి అమ్మేవాళ్ళు, రత్నం లాంటి పిల్లను ఒక్కసారి చూస్తే బాగుండును. ఆ శక్తికి కావలసింది ఎక్కువ కావడం కాదు, ఎవరి మీద పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో తెలియడం. అది ఏ సీసాలోనూ దొరకదు.

రత్నాన్ని వార్డులో చేర్చుకున్నాం. ఆస్ప్రిన్‌తో వాపులు దిగాయి. మా సిస్టర్ కరుణ చర్మం కింద టెస్ట్ డోసు వేసి చూసి, మొదటి పెన్సిలిన్ చేసింది. ఇంటికి పంపించేటప్పుడు తల్లికి పదేపదే చెప్పాను. నొప్పి లేకపోయినా రావాలి. పిల్ల ఆడుకుంటున్నా రావాలి. వరహాలమ్మ తప్పకుండా తీసుకొచ్చేది. మేం చేస్తూ వచ్చాం.

అద్దాలు పగిలాక

అప్పుడే పక్క జిల్లాలో ఒక నర్సింగ్ హోమ్‌లో పెన్సిలిన్ చేసిన కాసేపటికే ఒకతను చనిపోయాడు. జనం అద్దాలు పగలగొట్టారు, డాక్టర్‌ని వీధిలోకి లాక్కొచ్చి కొట్టారు. ఆ డాక్టర్ మా సూపరింటెండెంట్ గారికి క్లాస్‌మేట్.

అది కూడా ఒంటి రక్షణ వ్యవస్థ చేసే పొరపాటే. మందును శత్రువనుకుని ఒళ్ళంతా ఒక్కసారిగా తిరగబడుతుంది. దద్దుర్లు లేస్తాయి, గొంతు బిగుస్తుంది, బీపీ పడిపోతుంది. చాలా అరుదు. అయితే జరిగినప్పుడు నిమిషాల్లో ప్రాణం పోతుంది. పక్కనే అడ్రినలిన్ ఉండి, దాన్ని వెంటనే తొడ కండలో చేస్తే చాలా మటుకు మనిషి బతుకుతాడు. కాబట్టి ఆ మరణం నుంచి నేర్చుకోవలసింది అడ్రినలిన్ దగ్గర పెట్టుకోమని. మా జిల్లాలో డాక్టర్లు నేర్చుకున్నది పెన్సిలిన్ మానెయ్యమని.

మా ఆసుపత్రిలోనూ ఇకమీదట ఓపీలో పెన్సిలిన్ చేయకూడదన్నారు. నేను సూపరింటెండెంట్ గారి గదికి వెళ్ళాను. మంచి సర్జన్ ఆయన. పేదవాళ్ళని విసుక్కోగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నా ముఖంలోకి చూడకుండా మాట్లాడారు.

"మీరు మందు రాసివ్వండి మేడమ్. బయట చేయించుకుంటారు."

"బయట ఎవరు చేస్తారు సార్? మనమే చెయ్యనిది?"

"అది మన సమస్య కాదు. మా వాడి దవడ ఎముక విరిగింది. నేను వెళ్ళి చూసి వచ్చాను. మీరు చూడలేదు."

"ట్రేలో అడ్రినలిన్ పెట్టుకుని నేను పక్కనే నిలబడతాను సార్."

"జనం వస్తే అప్పుడూ నిలబడతారా?"

ఆయన భయం అబద్ధం కాదు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ భయం మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో ఆయన లెక్కలో లేదు. నేను ఓడిపోయి బయటికి వచ్చాను.

సీసా పట్టుకుని

తరువాత జరిగింది అప్పలనాయుడు నోట విన్నదే.

అతను మందు సీసా కొనుక్కుని, నేను రాసిన చీటీ జేబులో పెట్టుకుని, పిల్లని వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఊరి దగ్గర ఆసుపత్రిలో ఇక్కడ చెయ్యం అన్నారు. ఎలమంచిలిలో ఒక క్లినిక్‌కి వెళ్ళాడు. కాంపౌండర్ సీసా చూడగానే వెనక్కిచ్చేశాడు. వరహాలమ్మ పుట్టిల్లు కోటవురట్ల అవతల. అక్కడైనా తెలిసినవాళ్ళుంటారని తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టర్ గుండె విన్నాడు, జబ్బు నిజమే అన్నాడు, ఇంజక్షన్ తప్పనిసరి అని కూడా అన్నాడు. చెయ్యనన్నాడు.

"అందరూ సెయ్యాలనే అన్నారు డాక్టరమ్మా. సేసినోడు ఒక్కడూ లేడు," అన్నాడు అప్పలనాయుడు నాతో తరువాత. "పెద్ద పెద్దోళ్ళంతా అంత బయపడతన్నారంటే, ఆ మందులో ఏదో ఉండే ఉంటాదనుకున్నాను. నాకూ బయమేసీసింది. గట్టు మీద పారబోసీసేను."

ఈ మాట దగ్గర ఆగండి. డాక్టర్లం మేమే అతనికి ఆ భయం నేర్పాం. రేపు ఎవరైనా పల్లెటూరివాళ్ళకి మందుల మీద నమ్మకం లేదని సభల్లో మాట్లాడితే నాకు అప్పలనాయుడు గుర్తొస్తాడు. నమ్మి సీసా పట్టుకుని తిరిగినవాడు అతను.

పిల్లకి నొప్పులు లేవు. స్కూలుకి పోతోంది. ఎప్పుడైనా కాళ్ళు పీకితే ఊళ్ళో సూదుల ఆయన స్టెరాయిడ్ పొడిచేవాడు. దాంతో నొప్పి పోయేది, ఆ మందుకే ముఖం ఉబ్బి నిండుగా కనిపించేది. ఇంట్లోవాళ్ళు ఒళ్ళు చేసిందని సంతోషించారు. నా దగ్గరికి రావడం మానేశారు.

కాగితానికి వైద్యం

ఇదే కాలంలో జరిగిన ఇంకో సంగతి చెప్పకపోతే నా కోపం సగమే రాసినట్టు. ఊళ్ళో ఒక బట్టల వ్యాపారి తన కొడుకుని తీసుకొచ్చాడు. కుర్రాడు నాలుగేళ్ళుగా రోజూ పెన్సిలిన్ మాత్రలు మింగుతున్నాడు. పరుగెత్తకూడదు, క్రికెట్ ఆడకూడదు, మెట్లు ఎక్కకూడదు. ఎందుకని అడిగితే, ఒకప్పుడు కాళ్ళు నొప్పులంటే రక్తపరీక్షలో ఏఎస్ఓ ఎక్కువ వచ్చిందట.

ఏఎస్ఓ పెరిగిందంటే ఆ పిల్లవాడికి ఈ మధ్య స్ట్రెప్టోకాకస్ తగిలిందనీ, అతని ఒళ్ళు దాన్ని ఎదుర్కొందనీ అర్థం. అంతవరకే. బడికి పోయే పిల్లలు చాలామందిలో అది పెరిగే ఉంటుంది. అది ఒళ్ళు పనిచేస్తోందనడానికి గుర్తు, పాడైందనడానికి కాదు. ఆ కుర్రాడి కీళ్ళు ఎన్నడూ వాయలేదు, గుండె శుభ్రంగా ఉంది. మాత్రలు ఆపించి ఆడుకోమన్నాను. తండ్రికి నచ్చలేదు.

"ఇన్నాళ్ళూ పెద్ద డాక్టర్ గారు ఆపొద్దన్నారు మేడమ్. ఊరికే అన్నారా?"

ఊరికే అన్నారు. జబ్బు లేని పిల్లవాడికి ఏళ్ళ తరబడి మందు. జబ్బున్న పిల్లకి ఒక్క సూది చేసే దిక్కు లేదు. రెండిటికీ కారణం ఒక్కటే, గుండె మీద స్టెతస్కోపు పెట్టి విన్నదాని మీద నిలబడే ధైర్యం లేకపోవడం.

మంచం పక్కన

మరుసటి ఏడు వానలు పడుతుండగా రత్నాన్ని మళ్ళీ మోసుకొచ్చారు. ఈసారి కీళ్ళ నొప్పి కాదు. పడుకోలేకపోతోంది. కూర్చుని ముందుకు వంగి ఊపిరి తీసుకుంటోంది. మెడలో నరాలు ఉబ్బి కొట్టుకుంటున్నాయి. కొన్ని వారాల కిందట మళ్ళీ గొంతు నొప్పి వచ్చిందట.

స్టెతస్కోపు అక్కర్లేకుండానే తెలిసిపోయింది. కవాటం మూసుకోవడం మానేసింది. ఆక్సిజన్ పెట్టాం, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు దిగడానికి మందులిచ్చాం. పిల్ల కాస్త తేరుకున్నాక నేను సూపరింటెండెంట్ గారి గదికి వెళ్ళి, ఒక్కసారి వార్డుకు రమ్మన్నాను. కారణం చెప్పలేదు.

వచ్చారు. ఎవరి పిల్ల అని అడిగారు. చెప్పాను. స్టెతస్కోపు తీసి ఆయన చేతికిచ్చాను. వంగి చాలాసేపు విన్నారు. వరహాలమ్మ గోడకి ఆనుకుని మా ఇద్దరినీ చూస్తోంది.

"ఇంజక్షన్లు ఆగిపోయాయా?" అన్నారు నెమ్మదిగా.

"మనం ఆపాం సార్. తరువాత తండ్రి తిరగని చోటు లేదు."

నేను ఊరుకోలేకపోయాను.

"మీ ఫ్రెండ్ గారి పేషెంట్ సూది గుచ్చగానే పోయాడు. అందరికీ కనిపించింది, జనం వచ్చారు. ఈ పిల్ల గుండె ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా పోయింది. దీనికోసం ఎవరు వస్తారు? ఎవరి అద్దాలు పగలగొట్టాలో వీళ్ళకి తెలియదు. అందుకే మనం క్షేమంగా ఉన్నాం."

గొంతు పెంచే అన్నాను. వార్డంతా విన్నది. పై అధికారితో అలా మాట్లాడకూడదని తరువాత కొందరు చెప్పారు. మీకు నేను చెప్పేది వేరు. అలా మాట్లాడవలసిన రోజు మీ ఉద్యోగంలో ఒకటైనా వస్తుంది. ఆ రోజు మెత్తగా మాట్లాడకండి.

ఆయన స్టెతస్కోపు నా చేతికి తిరిగిచ్చి, "వారంలో ఒక రోజు పెట్టండి. నేను ఊళ్ళో ఉన్న రోజు," అని వెళ్ళిపోయారు.

బుధవారాలు

అలా బుధవారం మొదలైంది. వార్డు పక్క గదిలో బల్ల, ఆక్సిజన్, సిరంజిలో నింపడానికి సిద్ధంగా అడ్రినలిన్. ఇంజక్షన్ అయ్యాక అరగంట పాటు ఎవరూ గది దాటకూడదు. సిస్టర్ కరుణ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒక్క రత్నమే కాదు, చుట్టుపక్కల పల్లెల నుంచి అలాంటి పిల్లలు, పెళ్ళయిన ఆడవాళ్ళు రాసాగారు. ఇంతమంది ఇన్నాళ్ళూ ఎక్కడున్నారా అనిపించింది. మా గుమ్మాల దగ్గరికే వచ్చి వెనక్కి పోతూ ఉన్నారు.

నేను భయపడిన రోజూ వచ్చింది. మంగ అనే కొత్త పెళ్ళికూతురు, టెస్ట్ డోసులో ఏమీ తేలలేదు, ఇంజక్షన్ చేసిన కాసేపటికి అరచేతులు దురదంది. చూస్తుండగానే మెడ మీద దద్దుర్లు లేచాయి, గొంతు బొంగురుపోయింది, కళ్ళు తేలేసింది. తొడలో అడ్రినలిన్ చేశాను. కాళ్ళు ఎత్తి పెట్టి సెలైన్ ఎక్కించాం. నాడి దొరకలేదు. రెండోసారి చేశాను.

బయట ఆమె భర్త తరఫువాళ్ళు తలుపు బాదడం మొదలుపెట్టారు. "సంపీసేరు, పిల్లని సంపీసేరు," అని ఎవరో కేకపెట్టారు. నాకు తల తిప్పి చూసే వీలు లేదు. కిటికీలోంచి రెండు గొంతులు మాత్రం విన్నాను. ఒకటి సూపరింటెండెంట్ గారిది.

"డాక్టర్ గారు లోపల పనిలో ఉన్నారు. ఎవరికైనా మాట్లాడాలంటే నాతో మాట్లాడండి. నేనే చెయ్యమన్నాను."

రెండోది వరహాలమ్మది. ఆమె ఆ రోజు పిల్లతో వరండాలో ఉంది. "ఒరే బాబూ, ఆగండ్రా. నా గుంటకి, ఈ పిల్లకి, ఈ సూది సెయ్యమని ఊరూరా తిరిగేం, ఎవులూ సెయ్యలేదు. దాని గుండె పాడైపోనాది. ఈళ్ళొక్కళ్ళే సేత్తన్నారు. ఈళ్ళనీ కొట్టీసి పంపీత్తే రేపు మన పిల్లల్ని ఎక్కడికి అట్టుకెళ్తాం?"

లోపల మంగ ఊపిరి అందుకుంది. నాడి నా వేళ్ళ కింద నిండుగా కొట్టుకుంది. తలుపు తీసి, బతికిందని చెప్పాను. సూపరింటెండెంట్ గారు వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. మరుసటి బుధవారం మానేస్తారేమో అనుకున్నాను. మానలేదు. మంగకి పెన్సిలిన్ ఎప్పుడూ చేయకూడదని రాసిచ్చి, బదులుగా వేరే మాత్రలు పెట్టాం. తక్కిన అందరికీ ఎప్పటిలాగే చేశాం.

ఆ చప్పుడు

రత్నం విషయంలో మాత్రం ఆలస్యమైపోయింది. ఇంటర్ చదువుతుండగా విశాఖలో కవాటం మార్చారు. లోహపు కవాటం. ఆపరేషన్ బాగా జరిగింది. ఇక జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, దానికోసం రక్తపరీక్షలు. రేపు గర్భం వస్తే ప్రతి నెలా గండమే.

పరీక్షలయ్యాక ఒక బుధవారం ఇంజక్షన్‌కి వచ్చింది. ఎలా రాశావంటే నవ్వింది.

"రాసేను డాక్టరమ్మా. హాల్లో అందరూ సద్దులేకుండా రాసుకుంటంటే టిక్కు టిక్కుమని ఇనబడతాది గదా. సారు వచ్చి, వాచీ ఎవలిది, తీసి బయట పెట్టండి అన్నారు. ఎవులూ లెగలేదు. నేను లెగిసి, నా గుండండి అన్నాను."

"ఆయనేమన్నారు?"

"కూకో అమ్మా అన్నారు. మరి నా బెంచీ దగ్గిరికి రాలేదు."

ఆ గదిలో నాకు కూడా వినిపిస్తోంది ఆ చప్పుడు, గడియారం లాగే, సన్నగా, ఖచ్చితంగా. నేను సిరంజిలోకి మందు తీసుకుంటున్నాను.

"సిన్నప్పుడు ఆ సూదులు ఆపకుండా సేసుంటే ఈ ఆపరేషను పడీది కాదా?" అంది.

"పడేది కాదమ్మా." దానికి బహుశా అన్న మాట కలపవచ్చు. కలపలేదు.

"మరి ఎందుకు సెయ్యలేదు?"

"భయపడ్డారు."

"దేనికి?"

"నీకేమైనా అవుతుందని."

రత్నం నా వైపు చూసింది. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక.

"మరి అయింది గదా," అంది.